కాలిన మచ్చ తగ్గుతోందా లేదా? కోత, సూది లేకుండా కాంతితో కొలిచే పద్ధతి

"మచ్చ తగ్గిందా మేడమ్?" బర్న్స్ ఓపీలో రోజూ వినే ప్రశ్న ఇది. డాక్టరు గారు తగ్గిందంటారు, నేను అలాగే ఉందంటాను, పాప తల్లి ఇంకా ఎర్రబడిందంటుంది. ముగ్గురం చూసేది ఒకే మచ్చని. కాకపోతే ఎవరి కంటికి గుర్తున్నది వాళ్లు చెబుతున్నాం.

ఫొటోలతో, కాంతి పరికరాలతో దీన్ని సరిగ్గా ఎలా కొలవాలని ఫిజియోథెరపిస్టులు, నర్సులు, జూనియర్ డాక్టర్లు తరచూ అడుగుతున్నారు. గాయం పూర్తిగా మాని, చర్మం మూసుకున్న తర్వాత ఏర్పడే మచ్చల గురించే ఈ వివరాలు. పచ్చి గాయం ఎంత లోతుగా కాలిందో మొదటి వారంలో లేజర్ డాప్లర్‌తో (రక్తప్రసరణని కొలిచే లేజర్ మిషన్) చూడటం వేరే పని. రెండింటినీ కలపకండి.

మొదటే ఒక మాట. ఖరీదైన మిషన్ లేదని ఆగిపోవద్దు. రెండో ఫొటో మొదటి ఫొటో తీసినట్టే తీయగలిగితే సగం పని అయిపోయినట్టే. అది కుదరకపోతే లక్షల రూపాయల మిషన్ ఇచ్చే అంకె కూడా పనికిరాదు.

## 1. ఏం కొలవాలో ముందు తేల్చుకోండి

మచ్చలో నాలుగు సంగతులు వేర్వేరుగా మారుతుంటాయి. వాంకూవర్ స్కార్ స్కేల్ కూడా ఈ నాలుగింటికే మార్కులు వేసి, మొత్తం 13 దాకా లెక్కిస్తుంది.

- ఎరుపు: మచ్చలో రక్తనాళాలు పెరగడం వల్ల వస్తుంది. క్రాస్ పోలరైజ్డ్ ఫొటో (మెరుపుని ఆపే ఫిల్మ్‌లు పెట్టి తీసేది), రంగు మీటరు, లేజర్ స్పెకిల్ (రక్తప్రవాహాన్ని చూపే మిషన్), ఓసీటీ (కాంతితో చర్మం లోపలి పొరల్ని చూపే మిషన్) పనికొస్తాయి.
- నలుపు లేదా తెలుపు: చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ తక్కువల వల్ల వస్తుంది. ఫొటో, రంగు మీటరు చాలు.
- ఎత్తు, గరుకుదనం: పక్క నుంచి లైటు వేసి తీసిన ఫొటో, త్రీడీ కెమెరా.
- బిగువు: మామూలు ఓపీలో దీన్ని కాంతితో నమ్మకంగా కొలవలేం. వేళ్లతో పట్టి చూడాలి, కీలు ఎంత వంగుతోందో గోనియోమీటర్‌తో కొలవాలి.

దురద, నొప్పి ఏ కెమెరాకీ అందవు. ప్రతిసారీ అడిగి సున్నా నుంచి పది దాకా మార్కు వేయించండి. మచ్చ పాలిపోతున్నా దురదతో రాత్రి నిద్ర పట్టని పేషెంట్లు ఉంటారు. వాళ్లకి "ఫొటోలో తగ్గిందమ్మా" అని చెప్పి పంపడం తప్పు.

## 2. కనీసం కావాల్సిన సామాను

- మాన్యువల్ సెట్టింగులు ఉన్న ఫోన్ లేదా కెమెరా, ఒక స్టాండు
- రంగులు సరిగ్గా చూపే తెల్ల ఎల్ఈడీ లైట్లు రెండు (సీఆర్‌ఐ 90 పైన ఉన్నవి)
- లీనియర్ పోలరైజింగ్ ఫిల్మ్: లైట్లకి ముక్కలు, లెన్స్‌కి ఒక ముక్క
- రంగుల కార్డు, లేదంటే కనీసం గ్రే కార్డు
- స్కేలు గీతలున్న స్టిక్కర్లు
- పారదర్శకమైన ఓహెచ్‌పీ షీట్లు, పర్మనెంట్ మార్కర్
- పలుచని గాజు స్లైడు
- నల్లటి లేదా బూడిద రంగు గుడ్డ

ఆఖరి గుడ్డ ఎందుకంటే, ఆపరేషన్ థియేటర్ పచ్చ గుడ్డ మీద చెయ్యి పెట్టి ఫొటో తీస్తే ఆ పచ్చదనం చర్మం మీద పడి ఎరుపుని తగ్గించి చూపిస్తుంది.

పోలరైజర్ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే తక్కువ ఖర్చులో ఇంతకన్నా ఎక్కువ మేలు చేసే వస్తువు ఇంకోటి లేదు. కాలిన మచ్చ నున్నగా, మెరుస్తూ ఉంటుంది. మామూలు ఫొటోలో ఆ మెరుపు తెల్లటి మరకలా పడి కింద ఉన్న ఎరుపుని కప్పేస్తుంది. లైటు మీద ఒక ఫిల్మ్, లెన్స్ మీద ఇంకో ఫిల్మ్ దానికి అడ్డంగా తిప్పి పెడితే చర్మం పైపొర నుంచి వచ్చే మెరుపు ఆగిపోతుంది. చర్మం లోపలికి వెళ్లి తిరిగొచ్చిన కాంతి మాత్రమే కెమెరాకి చేరుతుంది. ఇలా తీసేదే క్రాస్ పోలరైజ్డ్ ఫొటో.

సరిగ్గా కుదిరిందో లేదో ఇలా చూడండి. స్టీలు చెంచాని మచ్చ ఉండే చోట పెట్టి, లెన్స్ మీద ఫిల్మ్‌ని నెమ్మదిగా తిప్పండి. ఒక చోటుకి వచ్చేసరికి చెంచా మీద లైటు తళుకు ఆరిపోయి నల్లబడుతుంది. అక్కడ ఆపి, ఫిల్మ్‌కీ లెన్స్‌కీ కలిపి మార్కర్‌తో గీత గీసుకోండి. లైట్లు రెండైతే ఒక్కొక్కటీ విడిగా వెలిగించి చూడాలి. లైటుకి లీనియర్ ఫిల్మే వాడండి, కెమెరా షాపులో దొరికే సర్క్యులర్ ఫిల్టర్ వద్దు. ఫిల్మ్‌లు పెట్టాక కెమెరాకి చేరే కాంతి బాగా తగ్గుతుంది కాబట్టి లైట్లు బలంగా ఉండాలి, స్టాండు తప్పదు.

## 3. పేషెంట్‌ని సిద్ధం చేయడం

పొరపాట్లు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి. మచ్చలో రక్తప్రసరణ నిమిషాల్లో మారుతుంది. మే నెల ఎండలో బస్సు దిగి నడిచి వచ్చిన మనిషి మచ్చ, ఏసీ గదిలో అరగంట కూర్చున్న మనిషి మచ్చ ఒకేలా ఉండవు.

అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే చెప్పాల్సినవి:

- ఆ రోజు మచ్చ మీద నూనె, క్రీము, సిలికాన్ జెల్, పౌడరు ఏవీ రాయొద్దు
- పసుపు, గోరింటాకు మరక ఉంటే అది పూర్తిగా పోయాకే రావాలి
- రెండు గంటల ముందు నుంచి టీ, కాఫీ, సిగరెట్, బీడీ వద్దు
- పొద్దున వేడినీళ్లు కాకుండా గోరువెచ్చని నీళ్లతో స్నానం
- ప్రెషర్ గార్మెంట్ (మచ్చని నొక్కి ఉంచే బిగుతు తొడుగు) వేసుకునే రావాలి, ఇక్కడికొచ్చాక తీస్తాం

పసుపు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. మచ్చకి మంచిదని ఇంట్లో పెద్దవాళ్లు రాస్తారు, కడిగినా పసుపు ఛాయ రోజుల తరబడి ఉంటుంది. రంగు కొలతలో పసుపు విలువ పెరిగి మొత్తం లెక్క తారుమారవుతుంది. అడిగే తీరు కూడా ముఖ్యం. "ఏమైనా రాశారా?" అంటే చాలామంది లేదనే అంటారు, తిడతారని భయం.

"అమ్మా, దురద పుడితే ఏం రాస్తున్నారు?" అని అడిగాను ఒకామెని.

"కొంచెం కొబ్బరినూనె మేడమ్. రాత్రి పాప ఏడుస్తుంటే చూడలేక రాశా" అంది.

తప్పేం లేదని చెప్పి, గోరువెచ్చని నీళ్లతో, మెత్తని బట్టతో తుడిచి, ఇరవై నిమిషాలు ఆగి ఫొటో తీశాం. రుద్దితే చర్మం ఎర్రబడుతుంది, అందుకే బట్టతో మెల్లగా అద్ది తుడవాలి.

గదిలోకి వచ్చాక:

- గది ఉష్ణోగ్రత 22 నుంచి 24 డిగ్రీలు, ఫ్యాను గాలి నేరుగా మచ్చ మీద పడకూడదు
- ప్రెషర్ గార్మెంట్ తీసేసి, వాచీ, గాజులు తీయించి, 20 నిమిషాలు కూర్చోబెట్టాలి లేదా పడుకోబెట్టాలి
- మచ్చ ఉన్న చెయ్యి లేదా కాలు గుండె ఎత్తులో దిండు మీద ఆనించాలి. కిందికి వేలాడితే రక్తం దిగి ఎర్రబడుతుంది
- మచ్చ సాగదీయకూడదు, ముడవకూడదు. మోచేయి, మోకాలు ఎంత వంచి ఉంచారో రాసుకోవాలి

గార్మెంట్ అప్పటిదాకా మచ్చలోంచి రక్తాన్ని నొక్కి ఉంచుతుంది. దాన్ని విప్పిన వెంటనే ఫొటో తీస్తే మచ్చ పాలిపోయి కనిపిస్తుంది, కాసేపయ్యాక ఎరుపు తిరిగొస్తుంది. ఎన్ని నిమిషాలు ఆగాలన్నది మీరు నిర్ణయించుకోవచ్చు, కానీ ప్రతిసారీ అన్నే నిమిషాలు ఆగాలి.

ఆ రోజు స్టెరాయిడ్ ఇంజెక్షన్ గానీ లేజర్ గానీ ఉంటే ఫొటోలు, కొలతలు ముందే అయిపోవాలి.

## 4. మళ్లీ అదే చోటు దొరకాలంటే

పెద్ద మచ్చలో ఒక మూల ఎర్రగా, ఇంకో మూల పాలిపోయి ఉంటుంది. ఈసారి ఒక చోట, వచ్చే నెల రెండు సెంటీమీటర్ల పక్కన కొలిస్తే ఆ తేడా వైద్యం వల్ల వచ్చింది కాదు.

ముంజేతి మచ్చ ఉదాహరణగా తీసుకుందాం. ఓహెచ్‌పీ షీటుని నొక్కకుండా చేతి మీద పరిచి, చిటికెన వేలు వైపు మణికట్టు దగ్గర పొడుచుకొచ్చే ఎముక గుబ్బ మీద ఒక చుక్క పెట్టండి. మోచేతి ఎముక కొన మీద రెండోది. ఏదైనా పుట్టుమచ్చ ఉంటే అది మూడోది. తర్వాత మచ్చ అంచు గీయండి.

ఇప్పుడు మచ్చలో మూడు చోట్లు ఎంచి, షీటు మీద గుండ్రంగా గీసి ఒకటి, రెండు, మూడు అని రాయండి. బాగా ఎర్రగా ఉన్నది ఒకటి, బాగా ఎత్తుగా ఉన్నది ఒకటి, మామూలుగా ఉన్నది ఒకటి. రెండో చేతి మీద సరిగ్గా అదే ఎత్తులో, కాలని చర్మం మీద నాలుగో చోటు కూడా గుర్తించాలి. పోల్చడానికి అదే ఆధారం. రెండు చేతులూ కాలిపోతే దగ్గర్లో బాగున్న చర్మం తీసుకుని, ఎక్కడ తీసుకున్నారో రాయండి.

ఏ చోట్లన్నది మొదటి రోజే తేలిపోవాలి. తర్వాత ఆ చోటు బాగుపడి ఇంకోటి ఎర్రబడితే కొత్తదాన్ని ఐదోదిగా చేర్చండి, పాతదాన్ని వదలొద్దు. పిల్లలు పెరుగుతారు కాబట్టి వాళ్లకి షీటు ఆరు నెలలకోసారి మళ్లీ గీయాలి.

## 5. ఫొటోలు తీసే వరుస

ఫోన్‌లో ముందుగా బ్యూటీ మోడ్, హెచ్‌డీఆర్, నైట్ మోడ్ ఆపేయండి. వెడల్పు లెన్స్ వాడొద్దు, దగ్గర నుంచి తీస్తే అంచులు సాగిపోతాయి. ప్రో మోడ్‌లో ఐఎస్‌వో, షట్టర్, వైట్ బ్యాలెన్స్ స్థిరంగా పెట్టి, ఆ అంకెలు రాసుకోండి. వీలైతే రా ఫార్మాట్‌లో దాచండి.

1. కిటికీ తెరలు వేసి, ట్యూబ్‌లైట్లు ఆపండి. మీ రెండు లైట్లే వెలగాలి.
2. కెమెరా మచ్చకి నిటారుగా, కొలిచిన దూరంలో పెట్టండి. మేము 50 సెం.మీ. వాడతాం.
3. పేషెంట్ నంబరు, తేదీ, రంగుల కార్డు కలిపి మొదటి ఫొటో తీయండి. కార్డు మచ్చ ఉన్న ఎత్తులోనే ఉండాలి.
4. శరీరంలో మచ్చ ఎక్కడుందో తెలిసేలా దూరం ఫొటో.
5. స్కేలు స్టిక్కరుతో దగ్గర ఫొటో, పోలరైజర్ లేకుండా.
6. కదలకుండా, క్రాస్ పోలరైజ్డ్ ఫొటో. దీని సెట్టింగులు వేరే, కార్డు ఫొటో కూడా వేరే.
7. ఒక లైటు ఆపి, రెండోదాన్ని చర్మానికి దాదాపు సమాంతరంగా పక్క నుంచి వేసి ఇంకోటి. ఉబ్బెత్తు నీడలో తెలుస్తుంది.
8. గాజు స్లైడుతో నొక్కి ఒకటి.
9. మంచి చర్మం ఉన్న చోటు, అదే దూరం, అదే సెట్టింగులు.

ఎనిమిదో ఫొటోని వదిలేసేవాళ్లు చాలామంది. గాజుతో మెత్తగా నొక్కితే రక్తం పక్కకి పోయి ఎరుపు మాయమవుతుంది. అప్పటికీ మిగిలిన గోధుమ, నలుపు రంగే మెలనిన్ వాటా. మన చామనఛాయ చర్మంలో ఈ రెండూ కలిసిపోయి మచ్చ ఊదా రంగులోనో ముదురు గోధుమలోనో కనిపిస్తుంది. ఎర్రగా లేదు కదా, చల్లబడిందిలే అనుకుంటాం. గాజు నొక్కి వదిలాక రంగు ఎంత త్వరగా తిరిగొస్తుందో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. చర్మం పల్చగా, చిట్లేలా ఉంటే మాత్రం నొక్కొద్దు.

## 6. ఫొటోలోంచి అంకె తీయడం

ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. ముందు కార్డు ఫొటోతో రంగులు సరిచేయండి. స్కేలు స్టిక్కరు మీద గీత గీసి, సెట్ స్కేల్‌లో ఎన్ని సెంటీమీటర్లో చెప్పండి. మచ్చ అంచు గీస్తే వైశాల్యం వస్తుంది. వంపు తిరిగిన చోట ఫొటోలో వైశాల్యం తక్కువ చూపిస్తుంది, అక్కడ ఓహెచ్‌పీ షీటుని గ్రాఫ్ కాగితం మీద పెట్టి గళ్లు లెక్కపెట్టడమే మేలు.

రంగుకి ఇమేజ్, టైప్, ల్యాబ్ స్టాక్ అన్న వరుసలో వెళ్లండి. మూడు విలువలు వస్తాయి. ఎల్ అంటే వెలుగు, ఏ అంటే ఎరుపు, బీ అంటే పసుపు. క్రాస్ పోలరైజ్డ్ ఫొటోలో మీ మూడు చోట్ల సగటు తీసి, మంచి చర్మం విలువని దాంట్లోంచి తీసేయండి. ఆ తేడానే నెల నెలా పోల్చాలి, అసలు అంకెని కాదు. ఎండాకాలంలో మంచి చర్మం కూడా నల్లబడుతుంది కదా.

మెక్సామీటర్ లాంటి రంగు మీటరు ఉంటే ఇంకా తేలిక. అది 568, 660, 880 నానోమీటర్ల కాంతితో ఎరుపుకీ మెలనిన్‌కీ విడివిడి అంకెలిస్తుంది. అయినా ముదురు చర్మంలో మెలనిన్ ఎరుపు అంకెని కొంత ప్రభావితం చేస్తుంది, కాబట్టి రెండూ కలిపే చదవాలి. మీటరు తలని చర్మానికి ఆనించాలి అంతే. నొక్కితే రక్తం పోయి ఎరుపు తక్కువ చూపిస్తుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన పని. మొదటి రోజే ఒకే చోట మూడుసార్లు కొలవండి. ప్రతిసారీ కెమెరా లేదా మీటరు పూర్తిగా తీసి, మళ్లీ పెట్టాలి. ఉదాహరణకి ఎరుపు విలువ 18.2, 19.1, 18.5 వచ్చిందనుకోండి. అంటే ఏ మార్పూ లేకుండానే మీ చేతిలో దాదాపు ఒక అంకె తేడా వస్తోంది. వచ్చే నెల 17.9 వస్తే తగ్గినట్టు కాదు. 14 వస్తే తగ్గిందని ధైర్యంగా చెప్పొచ్చు.

## 7. పెద్ద మిషన్లు ఉన్నచోట

లేజర్ స్పెకిల్: పైపొరల్లో రక్తప్రవాహాన్ని రంగుల పటంలా చూపిస్తుంది. దాని యూనిట్లకి సొంత విలువ లేదు, అందుకే మచ్చ అంకెని మంచి చర్మం అంకెతో భాగించి నిష్పత్తి రాయండి. కదలికే దీనికి శత్రువు. ఛాతీ మీద మచ్చయితే ఊపిరి కూడా రక్తప్రవాహంలా కనిపిస్తుంది. అరనిమిషం పైగా రికార్డు చేసి, కదలని భాగం సగటు తీసుకోండి. గుండ్రటి భుజం, చేతి అంచుల్లో విలువ తగ్గి కనిపిస్తుంది, అక్కడ కొలవొద్దు. ముఖం దగ్గర వాడేటప్పుడు కంపెనీ చెప్పిన కంటి జాగ్రత్తలు తప్పనిసరి.

ఓసీటీ: కాంతితో చేసే అల్ట్రాసౌండ్ లాంటిదని పేషెంట్లకి చెబుతుంటాం. చర్మానికి ఎక్కువగా 1300 నానోమీటర్ల దగ్గరి ఇన్‌ఫ్రారెడ్ కాంతి వాడతారు. మైక్రోమీటర్లలో వివరం చూపిస్తుంది, కానీ ఒకటి, రెండు మి.మీ. కన్నా లోతుకి వెళ్లదు. యాంజియోగ్రఫీ మోడ్ ఉంటే మచ్చలోని సన్నని రక్తనాళాల వల కనిపిస్తుంది, అవి ఎంత మేర నిండి ఉన్నాయో శాతంలో కొలవొచ్చు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో కాలిన మచ్చల మీద ఈ రకమైన కొలతలు చేసి ప్రచురించారు.

ఓసీటీ వాడేవాళ్లకి నాలుగు జాగ్రత్తలు:

- వెంట్రుకల నీడ పడకుండా అవసరమైతే కత్తిరించండి, షేవింగ్ వద్దు
- పలుచగా జెల్ రాస్తే పైపొర మెరుపు తగ్గుతుంది, గాలి బుడగలు ఉండకూడదు
- ప్రోబు ఆనాలి, నొక్కకూడదు. నొక్కితే నాళాలు ఖాళీ అవుతాయి
- తెర మీద లోతు కాంతి ప్రయాణించిన దూరమా, సరిచేసిందా అని చూడండి. సరిచేయనిదైతే సుమారు 1.4తో భాగించాలి

ఓసీటీతో మచ్చ మందం కొలుస్తామని కొందరు అంటారు. ఎత్తుగా పెరిగిన మచ్చ చాలాసార్లు దాని చూపు కన్నా మందంగా ఉంటుంది, అడుగు కనపడదు. మందానికి హై ఫ్రీక్వెన్సీ అల్ట్రాసౌండే సరైనది.

## 8. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

లైటు మారడం. ఒక అమ్మాయి ముంజేతి మచ్చ నెల నెలా ఎర్రబడుతోందని అనుకున్నాం. తల్లికి టెన్షన్, అదనంగా రెండు ప్రయాణాలు. చివరికి చూస్తే గదిలో తెల్ల లైటు పాడై, దాని చోట పసుపు రంగు వెలుతురు బల్బు పెట్టారు. ఫొటోలో రంగుల కార్డు లేదు, సరిచేసే దారీ లేకపోయింది. ఆ తల్లికి ఫోన్ చేసి పొరపాటు మాదేనని చెప్పాను. అప్పటి నుంచి కార్డు లేని ఫొటోని రికార్డులో చేర్చడం లేదు.

తొందరపడి వైద్యం పనిచేయలేదనడం. గాయం మానాక మొదటి కొన్ని నెలలు మచ్చ ఎర్రబడి, ఎత్తు పెరగడం మామూలే. చల్లబడటానికి ఏడాది నుంచి రెండేళ్లు పట్టొచ్చు. మానిన నెలకి మొదటి కొలత, ఆరు నెలల దాకా నెలకో రెండు నెలలకో ఒకటి, తర్వాత 9, 12, 18 నెలలకి పెట్టుకోండి.

ఇంజెక్షన్ తర్వాత ఎరుపు పెరిగిందని కంగారు. ట్రయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్ వల్ల మచ్చ అణిగినా, చర్మం పలచబడి సన్నని నాళాలు పైకి కనిపించొచ్చు, రంగు పోయి తెల్లబడొచ్చు. ఎరుపు అంకెతో పాటు పక్క లైటు ఫొటో, వేళ్లకి తగిలే మెత్తదనం చూశాకే మాట్లాడండి.

వాట్సాప్‌లో మామూలుగా పంపడం. ఫొటో కుదించుకుపోతుంది. కొలతకి అసలు ఫైలే వాడాలి.

## 9. అనుమతి, భద్రత

వైద్యానికి, బోధనకి, ప్రచురణకి మూడు వేర్వేరు సంతకాలు తీసుకోండి. ఒకదానికి ఒప్పుకుని ఇంకోదానికి వద్దనే హక్కు వాళ్లకుంది. పిల్లలైతే తల్లిదండ్రుల సంతకం. ఫైలు పేరులో పేషెంట్ పేరు వద్దు, నంబరే ఉండాలి. సొంత ఫోన్ గ్యాలరీలో ఉంచుకోవద్దు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం కూడా ఇది మన బాధ్యతే.

కాలిన కేసుల్లో చాలా వాటికి పోలీసు రికార్డు ఉంటుంది. రంగు సరిచేసిన కాపీ వేరు, అసలు ఫైలు వేరు. అసలుని ఎప్పటికీ ముట్టుకోకూడదు.

ఆడవాళ్ల ఛాతీ, నడుము, తొడల మీద మచ్చలకి గదిలో ఇంకో మహిళ ఉండాలి, కొలిచే చోటు తప్ప మిగతాది కప్పి ఉంచాలి. ముఖం కాలినవాళ్లకి వాళ్ల ఫొటో అడగకుండా చూపించొద్దు. "చూస్తారా?" అని అడగండి. కొందరు నెలల తర్వాత మొదటిసారి తమ ముఖం చూసుకునేది ఆ తెర మీదే.

## 10. అంకెలు పక్కనపెట్టి సర్జన్‌కి చూపించాల్సినప్పుడు

- పాత మచ్చలో మానని పుండు, పెరుగుతున్న కండ, రక్తం కారడం, చెడు వాసన. ఏళ్ల తర్వాత కాలిన మచ్చలో క్యాన్సర్ రావొచ్చు, దాన్ని మార్జోలిన్ అల్సర్ అంటారు. ఇక్కడ ఏ ఫొటో చాలదు, బయాప్సీ కావాలి
- మెడ, చంక, మోచేయి, వేళ్లు గుంజుకుపోయి కదలిక తగ్గుతుండటం, ఎరుపు ఎంత తగ్గినా సరే
- కనురెప్ప లేదా పెదవి పూర్తిగా మూసుకోకపోవడం
- మచ్చ అసలు గాయం అంచు దాటి మంచి చర్మంలోకి పాకడం, అది కెలాయిడ్ కావొచ్చు

వీటిలో ఏది కనిపించినా ఆ రోజు ఫొటోలు తీసి, ఓహెచ్‌పీ షీటుతో సహా పేషెంట్ చేతికిచ్చి పంపండి. ఇక్కడి నుంచి సర్జన్ దగ్గరికి వెళ్లేసరికి పాత కాగితాలు ఇంట్లో మర్చిపోయామనే మాట చాలాసార్లు విన్నాం. అందుకే ఇప్పుడు షీటుకి ఒక జిరాక్స్ తీసి, కేసు షీటు వెనక పిన్ను చేస్తున్నాం.